జాన్ కాన్‌స్టంటైన్ వంశవృక్షం గీయాలంటే ముందు రబ్బరు దగ్గర పెట్టుకోండి

ముందే చెప్తున్నా, ఇందులో స్పాయిలర్లు బోలెడు. జాన్ కాన్‌స్టంటైన్ అంటే డీసీ కామిక్స్‌లో ఒక ఇంగ్లీషు మాంత్రికుడు, అతని కథలు వచ్చిన పత్రికే హెల్‌బ్లేజర్. అది ఇంకా చదవని వాళ్లు ఇక్కడే ఆగి, చదివేసి వచ్చినా నష్టం లేదు. మొత్తం 300 సంచికలు కాబట్టి తీరిగ్గానే రండి.

మామూలుగా వంశవృక్షం అంటే పైన తాతముత్తాతలు, కింద పిల్లలు, మధ్యలో గీతలు, అంతే కదా అనుకుంటాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. పైన అతని పూర్వీకురాలు లేడీ జోహానా, ఆమె కింద తిన్నగా ఒక గీత, గీత చివర జాన్. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, కానీ మొత్తం తప్పు. మళ్లీ గీశాను. ఈసారి పిల్లల దగ్గర చిక్కుపడింది, ఎందుకంటే ఇతని పిల్లల్లో ఒకరికి ఇతను తండ్రి కాదు గానీ ఇతని శరీరం తండ్రి, మరో ముగ్గురు ఒక్క రోజులో పుట్టి పెరిగినవాళ్లు. మూడోసారికి అర్థమైంది ఏంటంటే, ఈ కుటుంబంలో ఎవరు ఎవరికి ఏమవుతారో రాస్తే చాలదు, ఏ రకంగా అవుతారో, ఆ సంగతి ఏ సంచికలో ఉందో కూడా గీత పక్కనే రాసుకోవాలి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే మిగతాదంతా ఓపిక పని.

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. కామిక్స్‌లో ఇతను కాన్‌స్టంటైన్, చివర "టైన్". 2005 సినిమాలో అందరూ "టీన్" అని పిలిచారు, అక్కడ అలవాటైపోయింది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే స్పెల్లింగు కాబట్టి వాళ్లకి గొడవ లేదు, మనకి రాసేటప్పుడే తేడా తెలిసిపోతుంది. కామిక్స్ చెట్టు గీస్తున్నారు కాబట్టి "టైన్" అనే రాయండి. సినిమాకి వేరే కాగితం వేస్తే దాని మీద "టీన్" రాసుకోండి, ఏ కాగితం దేనిదో చూడగానే తెలుస్తుంది.

కాగితాలు అన్నాను కదా, అవును, ఒకటి చాలదు. పాత హెల్‌బ్లేజర్ జాన్ ఒకడు, 2011లో డీసీ తన ప్రపంచాన్ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినప్పుడు వచ్చిన కుర్ర జాన్ ఇంకొకడు, సినిమాలోని అమెరికన్ జాన్ మరొకడు. ముగ్గురినీ ఒకే చెట్టులో ఇరికిస్తే ఏ బంధువు ఎవరి బంధువో రాసిన మీకే తెలియకుండా పోతుంది. మనం ఇక్కడ గీసేది మొదటివాడిదే: 1985లో స్వాంప్ థింగ్ అనే కామిక్ 37వ సంచికలో కనిపించి, 1988 జనవరి తేదీతో సొంత పత్రిక మొదలై, 2013లో ఆగిపోయిన జాన్. మిగతా ఇద్దరి గురించి చివర్లో రెండు ముక్కలు చెప్తాను.

ఇప్పుడు గీతలు. నేను నాలుగు రకాలు వాడతాను. కడుపున పుట్టిన సంబంధానికి మామూలు గీత. పెళ్లికి జంట గీత. మంత్రం వల్లో, రక్తం ఎక్కించడం వల్లో, ఒకరి ఒంట్లో మరొకరు దూరడం వల్లో ఏర్పడ్డ సంబంధానికి మెలికల గీత. "మా పూర్వీకుడే" అని కథ చెప్పి, మధ్య తరాలు చెప్పకుండా వదిలేసిన చోట చుక్కల గీత. ప్రతి గీత మీదా చిన్న అక్షరాలతో సంచిక నంబరు, అచ్చయిన సంవత్సరం. కథలో జరిగిన సంవత్సరం వేరు, అచ్చయిన సంవత్సరం వేరు, ఈ రెండూ కలిపేశారా ఇక అంతే సంగతులు. జాన్ పుట్టుక 1953ది, దాని గురించి చెప్పిన కథలేమో 1990 ప్రాంతంవి. నేను కథలోని సంవత్సరం నీలం ఇంకుతో, అచ్చయినది పెన్సిల్‌తో రాస్తాను. కంప్యూటర్లో చేసేవాళ్లు స్ప్రెడ్‌షీట్‌లో రెండు వేర్వేరు నిలువు వరసలు పెట్టుకోండి.

మొదటి గడి జాన్‌దే, కాగితానికి సరిగ్గా మధ్యలో. జాన్ కాన్‌స్టంటైన్, 1953 మే 10, లివర్‌పూల్. ఈ తేదీ గట్టిగా పట్టుకోవచ్చు, ఎందుకంటే హెల్‌బ్లేజర్‌లో కాలం మనతో పాటే నడిచింది. చాలా కామిక్స్‌లో హీరోకి ఎప్పుడూ ముప్ఫై ఏళ్లే ఉంటాయి కదా, ఇక్కడ అలా కాదు, 1993లో వచ్చిన 63వ సంచిక మొత్తం ఇతని నలభయ్యో పుట్టినరోజు పార్టీయే. దీని వల్ల వంశవృక్షం గీసేవాళ్లకి పెద్ద సుఖం ఉంది: ఏ సంచికలో ఎవరి వయసెంతో సంచిక తేదీ చూసి లెక్కకట్టేయొచ్చు. మేనకోడలు జెమ్మా 1988లో చిన్నపిల్ల, పత్రిక ఆగిపోయేసరికి పెద్దదైపోయిన మనిషి. ఇలా పెరగడం కామిక్స్‌లో అరుదు.

పైన తల్లిదండ్రులు. తండ్రి థామస్, తల్లి మేరీ ఆన్. మేరీ ఆన్ జాన్‌ని కంటూ చనిపోయింది, అందుకని ఆమె మరణ తేదీ, కొడుకు పుట్టిన తేదీ ఒకటే. రెండు గడుల్లోనూ అదే తేదీ రాస్తుంటే చేయి ఒక్క క్షణం ఆగుతుంది. థామస్ ఆ చావుకి పసివాడినే తప్పుపట్టాడు, జీవితమంతా తప్పుపడుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు జాన్ నాన్న మీద చేతబడి చేశాడు, అది నిజంగానే పట్టుకుంది. థామస్‌ని చివరికి చంపింది మాత్రం కుటుంబాలకి కుటుంబాలనే చంపుతూ తిరిగే ఒక హంతకుడు, "ఫ్యామిలీ మ్యాన్" అని పేరు. ఆ కథ 20ల్లోని సంచికల్లో మొదలై 30ల్లోని మొదటి సంచికల్లో ముగుస్తుంది, థామస్ అంత్యక్రియలు 31వ సంచికలో. తండ్రీకొడుకుల మధ్య గీత గీసేటప్పుడు 31 నంబరు తప్పకుండా రాయండి, ఈ ఇద్దరి గురించి తెలుసుకోవాల్సిన దాంట్లో సగం అందులోనే ఉంది. థామస్ చచ్చాక దయ్యంగా వచ్చి కనిపిస్తాడు కూడా, కాబట్టి ఈ చెట్టులో చావు గుర్తు పెట్టినంత మాత్రాన ఆ మనిషి కథ అయిపోయిందని కాదు. నేను చావుకి చిన్న గీత పెట్టి, తిరిగొచ్చిన వాళ్లకి దాని పక్కన ఒక సున్నా చుడతాను.

ఇక జాన్ పక్కనే, అంటుకుని ఉండేంత దగ్గరగా, ఇంకో గడి. దీనికి పేరు రాయకండి, పేరు పెట్టే అవకాశమే రాలేదు. జాన్‌ది కవల పుట్టుక. రెండోవాడు కడుపులోనే, జాన్ బొడ్డుతాడు మెడకి చుట్టుకుని పోయాడు. అభిమానులు "గోల్డెన్ బాయ్" అంటారు. చాలామంది గీసే చెట్లలో ఈ గడి ఉండదు, లేదంటే ఓ మూల "మృత శిశువు" అని పడేసి ఉంటుంది. నన్నడిగితే చెట్టులో జాన్ తర్వాత ముఖ్యమైన గడి ఇదే. 1991లో మొదటి రచయిత జేమీ డెలానో పత్రిక వదిలి వెళ్తూ రాసిన 40వ సంచిక, డేవ్ మెకీన్ బొమ్మలతో, మొత్తం ఈ కవల గురించే: వాడు బతికి జాన్ పోయి ఉంటే ఏమయ్యేది అని. ఆ లోకంలో బతికినవాడు మంచి మాంత్రికుడు, అందరికీ ఇష్టమైనవాడు, జాన్ ఎందులో తప్పాడో అందులో నెగ్గినవాడు. చివర్లో ఇద్దరూ ఒకటవుతారు. ఆ తర్వాత చాలా ఏళ్లకి, 2007లో పగ్గాలు తీసుకున్న ఆండీ డిగిల్ ఈ కవలని మళ్లీ బయటికి లాగాడు. అందుకని ఈ రెండు గడుల మధ్య మామూలు గీతతో పాటు మెలికల గీత కూడా గీయాలి. పుట్టుకతో వచ్చిన సంబంధం ఒకటి, చచ్చాక కూడా వదలని సంబంధం ఒకటి.

ఇక్కడ మన భాష ఒక సాయం చేస్తుంది. జాన్ తోబుట్టువు షెరిల్‌ని ఇంగ్లీషు వాళ్లు ఊరికే "సిస్టర్" అనేసి ఊరుకోవచ్చు, మనం రాయాలంటే అక్కా చెల్లెలా తేల్చుకోవాల్సిందే. తల్లి జాన్‌ని కంటూ చనిపోయింది కాబట్టి షెరిల్ ముందే పుట్టి ఉండాలి, అంటే అక్క. చెల్లెలు అని రాసిన చెట్టు ఎక్కడైనా కనిపిస్తే అక్కడితో చదవడం ఆపేయండి, ఆ గీసినాయన లెక్క చూసుకోలేదు. అక్క అయింది కాబట్టి ఆమె భర్త టోనీ మాస్టర్స్ బావ, కూతురు జెమ్మా మేనకోడలు. జెమ్మా ఇంటిపేరు మాస్టర్స్, చాలామంది పొరపాటున కాన్‌స్టంటైన్ అని రాసేస్తారు.

జెమ్మా మొదటిసారి వచ్చేది 4వ సంచికలో. టోనీ అప్పటికే పునరుత్థాన దండు అని ఒక మతపిచ్చి గుంపులో తిరుగుతుంటాడు. అప్పట్లో ఈ పాత్రలు కథ నడపడానికి వచ్చిన చుట్టాల్లాగే కనిపిస్తారు, కానీ జెమ్మా ఆగలేదు. పెద్దయ్యేకొద్దీ మామయ్య దారిలోకే వచ్చింది, తనూ మంత్రాలు నేర్చింది. ఈ చెట్టులో మంత్రం తెలిసిన వాళ్ల గడులకి రంగు వేద్దాం అనుకుంటే జెమ్మా గడికి వేయడం మర్చిపోవద్దు.

షెరిల్ చావు మైక్ కేరీ రాసిన రోజుల్లో, 2005 ప్రాంతంలో. టోనీ చేతుల్లోనే, కానీ వెనకున్నది మనుషులు కాదు. ఆ వెనకున్నవాళ్లు ఎవరో చూడాలంటే జాన్ పిల్లల దగ్గరికి వెళ్లాలి, అదొక పెద్ద చిక్కుముడి, ఇంకాస్త ఆగి విప్పుదాం. ముందు 207 నుంచి 212 వరకు చదవండి: అక్కని వెనక్కి తేవడానికి జాన్ నరకంలోకి దిగుతాడు, ఖాళీ చేతులతో తిరిగొస్తాడు. షెరిల్ చావు గుర్తు పక్కన సున్నా చుట్టకండి.

షెరిల్ కింద ఇంకో గడికి చోటు వదలాలి. పత్రిక చివరి ఏళ్లలో పీటర్ మిలిగన్ ఒక మేనల్లుడిని తెచ్చాడు, పేరు ఫిన్, ఐర్లండ్‌లో పెరిగిన కుర్రాడు. ఇరవై ఏళ్లకి పైగా నడిచిన కథలో ఎక్కడా లేని మేనల్లుడు ఉన్నట్టుండి ఊడిపడటాన్ని రెట్‌కాన్ అంటారు, అంటే పాత కథలోకి తర్వాత దూర్చిన సంగతి. రెట్‌కాన్ వచ్చిందని మనం అలిగి కూర్చుంటే చెట్టు పూర్తవదు. గీసేయండి, పక్కన సంచిక నంబరు పెన్సిల్‌తో రాయండి, అది ఎంత ఆలస్యంగా వచ్చిందో ఆ నంబరే చెప్తుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి. నెర్గల్ అనే రాక్షసుడు. వీడికీ కాన్‌స్టంటైన్ కుటుంబానికీ పుట్టుకతో ఏ సంబంధమూ లేదు, అయినా చెట్టులో లేకుండా కుదరదు. 1978లో న్యూకాజిల్‌లో జాన్, అతని స్నేహితులు చేసిన ఘోరమైన పొరపాటులో ఉన్నది వీడే. ఆస్ట్రా అనే చిన్నపిల్లని నరకానికి పోగొట్టుకున్న ఆ రాత్రి తర్వాత జాన్ రావెన్‌స్కార్ పిచ్చాసుపత్రిలో తేలాడు. పదేళ్లు గడిచాక, 8వ సంచికలో, జాన్ ఆసుపత్రి మంచం మీద పడి ఉంటే నెర్గల్ తన సొంత పనికోసం తన రక్తమే ఇతనికి ఎక్కించాడు. అప్పటి నుంచీ జాన్ ఒంట్లో రాక్షస రక్తం ఉంది. నెర్గల్ నుంచి జాన్‌కి మెలికల గీత, మీద "8, 1988".

ఈ గీతని తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే ఆ రక్తం అక్కడితో ఆగలేదు. అదే 1988లో స్వాంప్ థింగ్ 76వ సంచిక. స్వాంప్ థింగ్ అంటే చెట్టూచేమా అయిన జీవి, మామూలుగా బిడ్డని కనే దారి లేదు. అందుకని జాన్ ఒంట్లోకి దూరి, ఆ శరీరంతో తన సహచరి అబ్బీతో బిడ్డని కన్నాడు. పుట్టిన పాప టెఫే. ఇప్పుడు ఆమెకి తండ్రెవరు? మనసుతో చూస్తే స్వాంప్ థింగ్, పెంచిందీ వాళ్లే, ఇంటిపేరు కూడా హాలండ్. శరీరంతో చూస్తే జాన్. జాన్ ఒంట్లో నెర్గల్ రక్తం ఉంది కాబట్టి ఆ మరక పాపకీ తగిలింది. నేను టెఫే గడి జాన్ కింద కాకుండా పక్కకి జరిపి పెట్టి, స్వాంప్ థింగ్, అబ్బీల నుంచి మామూలు గీతలు, జాన్ నుంచి మెలికల గీత గీస్తాను. కొందరు జాన్ నుంచి మామూలు గీతే గీస్తారు, ఆ వాదనలో పస లేకపోలేదు, కానీ అలా గీస్తే జాన్ ఒక తండ్రిలా ఉన్నాడనిపిస్తుంది. ఆ బిడ్డ విషయంలో అతను అద్దెకిచ్చిన ఇల్లు, అంతే.

రోజాకార్నిస్ సంగతికొద్దాం. నెర్గల్ కూతురు. జాన్ జ్ఞాపకాలన్నీ పోగొట్టుకుని ఎవరో తనకే తెలియకుండా తిరుగుతున్న రోజుల్లో ఆమె ఒక బేరం పెట్టింది: నీ జ్ఞాపకాలు నీకిస్తా, బదులుగా నీ జీవితంలో ఒక్క రోజు నాది. ఒక్క రోజే కదా అనుకుని ఒప్పుకున్నాడు. ఆ ఒక్క రోజులో ఆమె అతనికి మూడు జీవితాలు చూపించింది, ఒక్కో జీవితంలో అతను ప్రేమించిన ఒక్కో అమ్మాయి వేషంలో తనే ఉంది, ఒక్కో జీవితంలో ఒక్కో బిడ్డ. ఆడమ్, మరియా, సాల్. ఇది 2004లో వచ్చిన 200వ సంచిక, పేరు "సుఖ సంసారాలు" అనే అర్థం వచ్చేలా పెట్టారు, ఎంత వెటకారమో. ఆ రోజు ముగిసేసరికి ముగ్గురు పిల్లలూ ఎదిగిపోయి ఉన్నారు, ఆ తర్వాత తండ్రి చుట్టూ ఉన్న ప్రతి మనిషి మీదా పడ్డారు. షెరిల్ చావు వెనకున్నది వీళ్లే.

గీయడంలో ఇక్కడ ఏం చేయాలంటే, జాన్, రోజాకార్నిస్ మధ్య జంట గీత వద్దు, పెళ్లి కాదు, బేరం. మెలికల గీత గీసి "200, 2004" రాయండి. దాని కింద ముగ్గురు పిల్లలకీ మామూలు గీతలే, ఎలా పుట్టినా వాళ్లు ఇద్దరి పిల్లలే. పుట్టిన తేదీ దగ్గర ముగ్గురికీ ఒకే రోజు పడుతుంది గానీ కవలలు కాదు, కాబట్టి జాన్‌కీ అతని కవలకీ పెట్టినట్టు గడులు అంటించి పెట్టకండి. ఇప్పుడు కాగితం కొంచెం దూరంగా పట్టుకుని చూడండి. నెర్గల్ నుంచి జాన్‌కి ఒక గీత, రక్తం ఇచ్చినందుకు. నెర్గల్ నుంచి కూతురి మీదుగా ఈ పిల్లలకి ఇంకో గీత, తాత అయినందుకు. అంటే వాడు జాన్‌కి ఒకవైపు నుంచి రక్తం పంచిన పెద్దదిక్కు, మరోవైపు నుంచి మామగారి లెక్క. పైగా షెరిల్ కోసం నరకానికి వెళ్లినప్పుడు జాన్ పక్కన నడిచిందీ ఈ మామగారే. మామూలు వంశవృక్షం సాఫ్ట్‌వేర్లలో ఇలాంటి చుట్టరికం ఎక్కించాలంటే తలనొప్పే. అందుకే నేను కాగితం మీదే గీస్తాను, లేకపోతే ఊరికే గడులూ బాణాలూ గీసుకునే డ్రాయింగ్ ప్రోగ్రామ్ ఏదైనా చాలు.

పెళ్లి మాత్రం ఒక్కటే, ఇది సులువు. ఎపిఫనీ గ్రీవ్స్, రసవాదం తెలిసిన అమ్మాయి, లండన్ గూండా టెర్రీ గ్రీవ్స్ కూతురు, జాన్ కంటే చాలా చిన్నది. 275వ సంచిక, 2011. జంట గీత, అంతే. అసలు మామగారు టెర్రీనే, కానీ నెర్గల్ ముందే ఆ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆ పెళ్లి రోజునే జాన్ రూపంలో వచ్చిన రాక్షసుడి వల్ల జెమ్మాకి జరిగింది చదివితే కడుపులో తిప్పుతుంది, మేనమామ, మేనకోడలి మధ్య గీత ఆ తర్వాత మునుపటిలా ఉండదు.

కిట్ రయన్, జెడ్, ఆంజీ లాంటి ప్రేమలన్నీ చెట్టులోకి ఎక్కించాలా అని అడుగుతారు. వద్దు. పిల్లలూ పెళ్లీ లేని చోట గీత గీయడం మొదలుపెడితే కాగితం చాలదు, ఇతని సంగతి తెలుసు కదా. చాస్ చాండ్లర్ స్నేహితుడు, ఎంత దగ్గరివాడైనా చుట్టం కాదు. చాస్‌ని చెట్టులో పెట్టాలని నాకూ మనసు లాగుతుంది, ఎందుకంటే సొంత కుటుంబం కంటే ఎక్కువ భరించాడు. కావాలంటే కాగితం అంచున రాసుకోండి.

ఇక పైకి, పూర్వీకుల దగ్గరికి. నేను మొదట తప్పు చేసింది ఇక్కడే కాబట్టి కొంచెం నెమ్మదిగా వెళ్దాం.

లేడీ జోహానా కాన్‌స్టంటైన్ మొదట కనిపించేది హెల్‌బ్లేజర్‌లో కాదు, శాండ్‌మన్ అనే ఇంకో డీసీ కామిక్‌లో. 13వ సంచికలో, 1789లో. చావులేని మనిషి ఒకడు, కలల రాజు ఒకడు వందేళ్లకోసారి లండన్‌లోని ఒక సారాయి కొట్టులో కలుస్తుంటారు, దయ్యమూ శాపగ్రస్తుడూ కలుస్తున్నారని ఊళ్లో పుకారు విని వాళ్లని పట్టుకోవడానికి ఈవిడ ఇద్దరు రౌడీలని వెంటేసుకుని వస్తుంది. తర్వాత 29వ సంచికలో, 1794లో, ఫ్రెంచి విప్లవం రక్తంలో మునిగి ఉన్న పారిస్‌లో గ్రీకు పురాణాల పాటగాడు ఓర్ఫియస్ తలని దొంగతనంగా బయటికి తీసుకెళ్తుంది. గిలటిన్ కింద తెగిపడ్డ తలల గుట్టలో ఆ తలని దాచిపెట్టే ఉపాయం జాన్‌కి వచ్చినా ఆశ్చర్యం లేదు, అదే బుర్ర. 2003లో ఆవిడ మీద విడిగా నాలుగు సంచికల కథ కూడా వచ్చింది, ఆండీ డిగిల్ రాసింది.

ఇప్పుడు ఈవిడని జాన్ పైన ఎలా పెట్టాలి? 1789 నుంచి 1953కి 164 ఏళ్లు. తరానికి ముప్ఫై ఏళ్లు వేసుకుంటే మధ్యలో అయిదారు తరాలు. ఆ తరాల పేర్లు మన చేతిలో లేవు, అందుకని చుక్కల గీత. ఇంకో సంగతి, ఇది ఎక్కువమంది ఆలోచించరు: ఈవిడ ఆడమనిషి, కాన్‌స్టంటైన్ ఆవిడ ఇంటిపేరు. అప్పటి ఇంగ్లండ్‌లో పెళ్లయితే పిల్లలకి భర్త ఇంటిపేరు వస్తుంది. అదే పేరు జాన్ దాకా రావాలంటే ఆవిడ అన్నదమ్ముల వైపు నుంచైనా వచ్చి ఉండాలి, లేదా ఆవిడ పిల్లలు తల్లి పేరే ఉంచుకుని ఉండాలి. ఏదైనా కావొచ్చు, కాబట్టి చుక్కల గీతని ఆవిడ గడి అడుగు నుంచి తిన్నగా దించకండి, పక్క నుంచి తీసి కిందికి వంచండి. అలా గీస్తే "వంశం ఒకటే, దారి చెప్పలేదు" అని చూసేవాళ్లకి తెలుస్తుంది. నేను మొదట తిన్నగా దించి ముత్తవ్వని చేసేశాను, ఆ కాగితం ఇంకా దాచుకున్నా, సిగ్గుగా ఉంటుంది చూస్తే.

ఇంకా పైన కోన్-స్టెన్-టిన్. 1989 హెల్‌బ్లేజర్ వార్షిక సంచిక, మళ్లీ డెలానోనే. బ్రిటన్ పాత కథల్లోని ఆర్థర్ రాజు తర్వాత గద్దెనెక్కిన రాజు, నెత్తురు తాగిన సాధువు. ఇది పూర్తిగా కల్పన కాదు, వెనక కొంత చరిత్ర ఉంది, వంశవృక్షం పక్కన ఒక చిన్న గమనిక రాయాలనుకునే వాళ్లకి పనికొస్తుంది. ఆరో శతాబ్దంలో డమ్నోనియా అనే రాజ్యం ఉండేది, ఇప్పటి డెవన్, కార్న్‌వాల్ వైపు. అక్కడి రాజు కాన్‌స్టంటైన్‌ని గిల్డాస్ అనే మతగురువు తన రచనలో పేరు పెట్టి తిట్టాడు, మఠాధిపతి వేషంలో చర్చిలోకి వెళ్లి ఇద్దరు రాచబిడ్డలని చంపాడని. ఆరు వందల ఏళ్లు పోయాక, 12వ శతాబ్దంలో, మాన్‌మత్ జెఫ్రీ అనే రచయిత తన చరిత్రలో ఇదే పేరుని కాడర్ కొడుకుగా చెప్పి, 542లో ఆర్థర్ ఇతనికే కిరీటం అప్పగించినట్టు రాశాడు. వేషం మార్చి మోసం చేసి గుడిలాంటి చోట రక్తం పారించే రాజు, తర్వాత సాధువని పేరు తెచ్చుకోవడం, ఇంతకంటే కాన్‌స్టంటైన్ ఇంటి మనిషిని ఎవరు కల్పించగలరు.

కాగితం కొలతలో ఇతను సమస్య. ఆరో శతాబ్దం నుంచి జోహానాకే పన్నెండు వందల ఏళ్లు, అంటే నలభై తరాల పైనే. అంత దూరం గీతలు లాగలేం. చుక్కల గీత మధ్యలో రెండు చిన్న అడ్డగీతలు కొట్టి తెంపేయండి, "ఇక్కడ చాలా ఉంది" అని చెప్పే గుర్తు అది. మొత్తం చెట్టుని ఒకే కొలతతో గీయాలని పట్టుబట్టకండి, నేను పట్టుబట్టి ఒక ఆదివారమంతా పాడుచేసుకున్నా.

ఇప్పుడు వేరే కాగితాలు, క్లుప్తంగా. 2011 తర్వాతి కుర్ర జాన్‌కి సొంత కాగితం, పాత చుట్టాలని ఆ కథల్లో మళ్లీ కనిపిస్తే తప్ప దాని మీదకి మార్చకండి. 2005 సినిమా జాన్ లాస్ ఏంజెలెస్ మనిషి, అతనికి చెట్టంటూ పెద్దగా లేదు, కాగితం మీద ఒక గడి, చుట్టూ సిగరెట్ పొగ. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన శాండ్‌మన్‌లో జాన్ చోటులో ఇప్పటి కాలపు జోహానా కాన్‌స్టంటైన్ ఉంది, పాతకాలపు జోహానా కూడా ఉంది, ఇద్దరినీ జెన్నా కోల్‌మన్ ఒక్కరే వేశారు. ఒకే ముఖం, ఒకే పేరు, రెండు శతాబ్దాల తేడా, కాబట్టి గడుల్లో పేరు కింద సంవత్సరం రాయకపోతే గందరగోళం ఖాయం. ఇంకా 2019లో సై స్పరియర్ మొదలుపెట్టిన కథల్లో జాన్‌కి నోవా అని ఒక కొడుకు ఉన్నాడు, 2024లో వచ్చిన దాంట్లో తండ్రీకొడుకులు కలిసి అమెరికా అంతా తిరుగుతారు. నోవాని నేను ఒక చిన్న చీటీ మీద గీసి పెద్ద చెట్టుకి పిన్నుతో గుచ్చాను, ఎందుకంటే ఆ కథ పాత జాన్‌కి ఎంత దగ్గరగా రాసినా, 300 సంచికల చెట్టుకి అది తర్వాత అంటుగట్టిన కొమ్మ. మీకు నచ్చకపోతే మామూలు గీతే గీసుకోండి, కొట్లాటకి రాను.

ఒక వరుస చెప్తాను, చదువుతూ గీసేవాళ్లకి. 4, 8 చదివి జెమ్మానీ నెర్గల్‌నీ పెట్టండి. స్వాంప్ థింగ్ 76తో టెఫే. వార్షిక సంచికతో పాత రాజు, శాండ్‌మన్ 13, 29తో జోహానా. 31తో తండ్రి, 40తో కవల. ఇక్కడికి చెట్టు చూడ్డానికి బాగుంటుంది, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. 200 నుంచి 212 వరకు ఒకే ఊపున చదివి పిల్లల్ని, షెరిల్ చావుని ఎక్కించండి. 275తో పెళ్లి. ఆఖరికి ఫిన్. అచ్చయిన వరుసలోనే వెళ్లడం ఎందుకంటే, ఏ చుట్టం ఎప్పుడు అవసరమై పుట్టాడో తెలుస్తుంది, ముందే మొత్తం తెలిసిపోతే రెట్‌కాన్‌లు కూడా మొదటి నుంచీ ఉన్నట్టే కనిపిస్తాయి.

మిగిలింది జాన్ గడిలో ఒక్క ఖాళీ, చనిపోయిన తేదీ. 2013లో వచ్చిన 300వ సంచిక ఆఖరి పేజీలు చూసి అతను పోయాడనేవాళ్లూ ఉన్నారు, ఎక్కడో తప్పించుకున్నాడనేవాళ్లూ ఉన్నారు. నేను అక్కడ చావు గీత పెన్సిల్‌తో పెట్టాను, చాలా పల్చగా, పక్కన సున్నాకి చోటు వదిలి.